యాభై దాటాక మళ్ళీ బండ ఎక్కేవాళ్ళకి

ఎన్‌సీసీ రోజుల్లో ఉత్తరకాశీ నిమ్‌లోనో డార్జిలింగ్ హెచ్ఎంఐలోనో పర్వతారోహణలో బేసిక్ కోర్సు చేసి, ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి లోను అన్నీ ఒక ఒడ్డుకు చేరాక మళ్ళీ రాళ్ళ వైపు చూసేవాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. ఈ పోస్టు వాళ్ళ కోసం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఏమీ తెలియదు కాబట్టి చెప్పినట్టు చేస్తారు. చిక్కంతా పాతవాళ్ళతోనే.

ముప్పై ఏళ్ళు గడిచినా కాలు ఎక్కడ పెట్టాలో, బరువు ఎటు మార్చాలో ఒంటికి గుర్తుంటుంది. రెండు మూడు వారాల్లో ఆ నేర్పు తిరిగొస్తుంది. కండబలం కొంత రెండు మూడు నెలల్లో వస్తుంది. కానీ కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్లకు రక్తప్రసరణ తక్కువ. అవి మళ్ళీ గట్టిపడడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే రెండో నెలకల్లా కండ "లాగుతాను" అంటుంది, బుర్ర "ఈ మూవ్ నాకొచ్చు" అంటుంది, వేలి టెండను మాత్రం ఇంకా సిద్ధంగా ఉండదు. అందుకే మొదటి రోజు జాగ్రత్తగా ఉన్నవాళ్ళు కూడా రెండు నుంచి నాలుగు నెలల మధ్య, అంతా బాగుందనుకున్నప్పుడు దెబ్బ తగిలించుకుంటారు.

మాత్రల చీటీ

టీఎంటీ, 2డి ఎకో చేయించుకుని నార్మల్ అనగానే పని అయిపోయిందనుకోకండి. గుండె సంగతి తేలింది, మంచిదే. బండ ఎక్కేవాళ్ళకి దానితో సమానంగా పనికొచ్చేది రోజూ వేసుకునే మాత్రల చీటీ. దాన్ని డాక్టరు ముందు పెట్టి ఒక్కో మందు గురించీ అడగాలి.

బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్ళలో కొందరికి చీలమండలు వాస్తాయి. ఉదయం సరిపోయిన క్లైంబింగ్ షూ సాయంత్రానికి బిగుసుకుపోయి వేళ్ళు మొద్దుబారతాయి. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్ళకి గుండె వేగం పెద్దగా పెరగదు, కాబట్టి చేతి గడియారం చూపించే అంకెను నమ్మకూడదు. ఆయాసం ఎంత ఉందన్నదే లెక్క. ప్రోస్టేటుకు టామ్సులోసిన్ వాడే మగవాళ్ళకి చటుక్కున లేస్తే కళ్ళు తిరగొచ్చు. పది నిమిషాలు కూర్చుని బిలే ఇచ్చి (అంటే ఎక్కేవాళ్ళు పడితే ఆగేలా వాళ్ళ తాడును పట్టి ఉంచి), వెంటనే లేచి బండ అంచుకు నడవడం వాళ్ళు చెయ్యకూడని పని. గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవాళ్ళు పొద్దున్నే ఖాళీ కడుపుతో గుట్టకు వెళ్తే షుగర్ పడిపోతుంది. గ్లూకోజు పొట్లం బ్యాగులో కాదు, జేబులో ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళకి తలకు దెబ్బ తగిలితే, ఏమీ అనిపించకపోయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

అందరూ పట్టించుకోకుండా వదిలేసేది ఇంకోటుంది. మూత్రంలో మంటకో దగ్గుకో సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ రాస్తారు. ఈ జాతి యాంటీబయాటిక్స్ వల్ల టెండన్లు వాచడం, తెగడం జరగొచ్చు. అరవై దాటినవాళ్ళలో, స్టెరాయిడ్లు కూడా వాడుతున్నవాళ్ళలో ఆ ముప్పు ఎక్కువ. మడమ వెనక టెండనుకే ఎక్కువగా వస్తుంది గానీ భుజం, చెయ్యి కూడా మినహాయింపు కాదు. కోర్సు పూర్తయ్యాక కూడా కొన్ని వారాలు, నెలల తర్వాత బయటపడొచ్చు. ఎక్కే అలవాటు ఉందని ముందే చెబితే డాక్టరు వీలైతే వేరే మందు రాస్తారు.

షుగర్ ఉన్నవాళ్ళు పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి బిగుతు షూ తొడిగితే బొబ్బ లేచినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్, ట్రిగ్గర్ ఫింగర్ కూడా షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ. బహిష్టులు ఆగిన ఆడవాళ్ళు ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్ చేయించుకుంటే, దూకే పనులు ఎంతవరకు చెయ్యొచ్చో తేలుతుంది.

ఇంట్లోనే చూసుకోగలిగినవి మూడున్నాయి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేవగలగాలి. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడగలగాలి. రెండు చేతులూ చెవుల పక్కగా నొప్పి లేకుండా పైకి లేవాలి. మూడోది రాకపోతే క్లైంబింగ్ గోడ దగ్గరికి వెళ్ళేముందు ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళడం మేలు. అరవై దాటిన భుజాల్లో రొటేటర్ కఫ్ (భుజం కీలు చుట్టూ ఉండే టెండన్లు) చిరుగులు మామూలే. చాలామందికి నొప్పి కూడా ఉండదు, తల పైకి చేతులెత్తి బరువు వేలాడేసినప్పుడే బయటపడతాయి.

కళ్ళజోడు

పాతికేళ్ళప్పుడు లేని ఇబ్బంది ఇది. ప్రోగ్రెసివ్ అద్దాల్లో కింది భాగం చదువుకోవడానికి, అంటే 40 సెంటీమీటర్ల దూరానికి ఉంటుంది. బండ మీద ఉన్నప్పుడు కిందికి చూసేది కాలు కోసం, అది మీటరున్నర దూరంలో ఉంటుంది. సరిగ్గా ఆ కింది అద్దంలోంచే చూస్తారు కాబట్టి కాలి పట్టు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. మనిషి కాలి మీద నమ్మకం పోయి చేతులతో లాగడం మొదలుపెడతాడు. ముంజేతులు పది నిమిషాల్లో గట్టిపడిపోతాయి. "నాకు బలం తగ్గింది" అనుకునేవాళ్ళలో కొందరికి నిజానికి తగ్గింది కాలి దగ్గర చూపు.

కళ్ళజోడు షాపులో "మీటరున్నర దూరం స్పష్టంగా కనిపించాలి" అని చెప్పి ఒకే పవరుతో వేరే జోడు చేయించుకోవాలి. పాలీకార్బొనేట్ అద్దం, తల వెనక సాగే పట్టీ ఉండాలి. దీంతో వచ్చే చిక్కల్లా నడుం దగ్గర ముడి మసకగా కనిపించడం. దానికి వేళ్ళే కళ్ళు, కింద చెబుతాను. కాటరాక్ట్ ఆపరేషన్ అయినవాళ్ళు కంటి డాక్టరు సరేననేదాకా ఆగాలి.

అటకమీది సామాను

పాత తాడు, పాత హార్నెస్ (నడుముకూ తొడలకూ కట్టుకునే పట్టీలు), పాత స్లింగులు (నేత పట్టీ లూపులు): ఇవేవీ వాడకూడదు. నైలాను వాడకపోయినా పాతబడుతుంది. చాలామంది తయారీదార్లే తాళ్ళకీ నేత సామానుకీ వాడినా వాడకపోయినా పదేళ్ళకు మించి ఆయుష్షు ఇవ్వరు. చూడ్డానికి బాగానే ఉందన్నది లెక్కలోకి రాదు. 2006 అక్టోబరులో యోసెమిటీలో టాడ్ స్కిన్నర్ లాంటి దిట్ట చనిపోయింది అరిగిపోయిన హార్నెస్ బిలే లూపు తెగి. స్టీలు, అల్యూమినియం కారబినర్లకు (తాడు తగిలించే, గేటున్న కొక్కేలు) గడువు అలా ఉండదు గానీ, గేటు దానంతటది మూసుకోకపోయినా, తాడు రాసుకుని గాడి పడి అంచు పదునెక్కినా చెత్తలో వెయ్యాలి. పాత ఫైబర్ హెల్మెట్ షోకేసులోకి.

కొత్త హార్నెస్ కొనేటప్పుడు బొజ్జ సంగతి మొహమాటం లేకుండా చూసుకోవాలి. నడుం బెల్టు తుంటి ఎముకల పైన నిలబడాలి, బిగించాక కిందికి లాగితే జారకూడదు. బొజ్జ వల్ల బెల్టు తుంటి కిందికి జారుతుంటే, తలకిందులైనప్పుడు మనిషి హార్నెస్‌లోంచి జారిపోయే ప్రమాదం ఉంది. అలాంటివాళ్ళకి ఛాతీ హార్నెస్ కలిపి కట్టడమో ఫుల్ బాడీ హార్నెస్సో కావాలి. షాపులో వేసుకుని, అక్కడే ఐదు నిమిషాలు వేలాడి చూసి కొనండి.

షూ విషయంలో రబ్బరు పూర్తిగా మారింది. అంటుకునే రబ్బరు 1980ల మొదట్లో వచ్చింది. హంటర్ షూతో నేర్చుకున్నవాళ్ళు మొదటిసారి దీన్ని వేసుకుంటే వాలుబండ మీద నిలబడడం ఇంత తేలికా అనుకుంటారు. పాదం మాత్రం వయసుతో వెడల్పవుతుంది, కమాను దిగుతుంది. అందుకని పాత సైజు మర్చిపోయి సాయంత్రం పూట, కాళ్ళు కాస్త వాచి ఉన్నప్పుడు కొలిచి కొనాలి. వేళ్ళు ముందు తోలుకు తగలాలి గానీ ముడుచుకోకూడదు. అడుగు సమంగా ఉన్న రకమే తీసుకోవాలి, కిందికి వంపు తిరిగినవి వద్దు. మన ఊళ్ళలో సులువుగా దొరికేవి డెకథ్లాన్‌లో సిమోండ్ రకాలు. మొదటి ఏడాదికి అవి ధారాళంగా సరిపోతాయి.

తాడు పని: ఇక్కడే ఎక్కువ మారింది

పాత పద్ధతిలో నడుం చుట్టూ బోలైన్ వేసుకుని ఎక్కడం ఇప్పుడు ఎక్కడా లేదు. నడుం మీద ఒంటి తాడుతో వేలాడితే పొట్ట, డయాఫ్రం నొక్కుకుపోయి కొద్ది నిమిషాల్లోనే ఊపిరాడదు. ఇప్పుడు తాడును హార్నెస్‌లో నడుం దగ్గరి లూపు, కాళ్ళ దగ్గరి లూపు రెంటిలోంచీ పోనిచ్చి, ఎనిమిది ముడిని తిరగరాసినట్టు కట్టాలి. బిలే లూపు తాడు కట్టుకోవడానికి కాదు, బిలే పరికరం తగిలించడానికి.

తాడు కొస నుంచి దాదాపు మీటరు దూరంలో మొదటి ఎనిమిది వెయ్యండి. కొసను రెండు లూపుల్లోంచి కింద నుంచి పైకి పోనిచ్చి, మొదటి ఎనిమిదిని హార్నెస్ వైపు నుంచే వెంబడిస్తూ వెనక్కి రండి. తర్వాత ముడిని వేలితో తడమండి: తాడు ఎక్కడ చూసినా జంటగానే తగలాలి, మొత్తం ఐదు జంటలు. ఒకచోట ఒంటి పోగు తగిలితే ముడి తప్పు. కొస పది సెంటీమీటర్లకు తగ్గకుండా మిగలాలి. నాలుగు పోగుల్నీ ఒక్కొక్కటిగా లాగి బిగించాలి. మసక కళ్ళకి ఇదే మంచి పద్ధతి, చూపుతో పనిలేదు. ముడి కట్టుకునేటప్పుడు ఎవరైనా పలకరిస్తే జవాబివ్వకండి. ప్రపంచ స్థాయి క్లైంబర్ లిన్ హిల్ 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూ (Buoux) అనే చోట ముడి సగంలో వదిలేసి ఎక్కి, పైన వెనక్కి వాలగానే 20 మీటర్లకు పైనుంచి పడింది. చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికింది. అనుభవం ఉన్నవాళ్ళు చేసే పొరపాటే అది.

బిలే సంగతి. నడుం చుట్టూనో భుజం మీదుగానో తాడు తిప్పే పద్ధతిని పక్కన పెట్టేయండి. ట్యూబు పరికరంతో (తాడును మడిచి దూర్చితే రాపిడితో ఆపేది) ఇప్పటి పద్ధతి ఇదీ: ఎక్కేవాళ్ళ వైపు తాడు లాగగానే బ్రేక్ చేతిని (కొస వైపు తాడు పట్టుకున్న చెయ్యి) కిందికి దించాలి. రెండో చేత్తో బ్రేక్ చేతి కిందుగా తాడు పట్టుకోవాలి. అప్పుడే బ్రేక్ చేతిని వదలకుండా పరికరం వైపు జార్చాలి. పాతవాళ్ళ చేతులకు వేరే అలవాటుంటుంది. రెండు తాళ్ళనూ పరికరం పైన కలిపి ఒకే చేత్తో నొక్కి పట్టి, ఇంకో చేతిని జరుపుతారు. ఆ క్షణంలో రెండు తాళ్ళూ పైకి సమాంతరంగా ఉంటాయి, ట్యూబులో రాపిడి దాదాపు ఉండదు. సరిగ్గా అప్పుడే పైవాడు జారితే ఆగదు. ఈ అలవాటు మానడానికి గోడ అక్కర్లేదు. ఇంట్లో తాడు ముక్కను తలుపు గొళ్ళేనికి వేసుకుని వారం రోజులు సాధన చేస్తే చాలు.

యాభై దాటిన ఇద్దరు కలిసి ఎక్కుతుంటే గ్రిగ్రి లాంటి, దానంతటది పట్టేసే పరికరం తప్ప మరోటి వాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. బిలే ఇచ్చేవాళ్ళకే కళ్ళు తిరగొచ్చు, పైనుంచి రాయి తగలొచ్చు. గ్రిగ్రి 1991లో వచ్చింది కాబట్టి అంతకుముందు నేర్చుకున్నవాళ్ళకి ఇది పూర్తిగా కొత్త. దీంతో జరిగే తప్పులు రెండు. తాడును అటుదిటు ఎక్కించడం మొదటిది: అప్పుడది పట్టదు. ప్రతిసారీ ఎక్కేముందు ఎక్కేవాళ్ళ వైపు తాడును ఒక్క కుదుపు కుదిపితే తెలిసిపోతుంది. రెండోది, దించేటప్పుడు వేగం పెరిగిందని కంగారుపడి లీవరును ఇంకా గట్టిగా లాగడం. లాగినంతసేపూ అది తెరుచుకునే ఉంటుంది. గ్రిగ్రి ప్లస్‌లో కంగారుగా లాగితే మూసుకునే ఏర్పాటుంది, ఆ అదనపు ఖర్చు దండగ కాదు. ఏ పరికరమైనా బ్రేక్ చెయ్యి తాడు మీదే ఉండాలి.

మెడ స్పాండిలైటిస్ ఉన్నవాళ్ళు పైకి చూస్తూ బిలే ఇవ్వలేరు. పట్టకం అమర్చిన బిలే కళ్ళజోళ్ళు దొరుకుతాయి, మెడ నిటారుగా ఉంచి పైవాళ్ళను చూడొచ్చు. మొదటి పది నిమిషాలు కాస్త తికమకగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

ఎక్కేవాళ్ళకంటే బిలే ఇచ్చేవాళ్ళు పాతిక కిలోలు తేలికైతే (భార్యాభర్తలు కలిసి వచ్చినప్పుడు ఇది మామూలే) వాళ్ళను నేలకు కట్టాలి, లేదా లీడ్‌లో (తాడును కింద నుంచి తీసుకెళ్తూ, బోల్టులకు తగిలిస్తూ ఎక్కేటప్పుడు) మొదటి బోల్టుకు ఎడెల్‌రిడ్ ఓమ్ లాంటి రాపిడి పెంచే పరికరం తగిలించాలి.

టాప్ రోప్ (తాడు పైన ఆధారం మీదుగా తిరిగి కిందికి వచ్చే పద్ధతి) కదా, పడినా ఏమీ కాదనుకోవడం ఇంకో పొరపాటు. డైనమిక్ తాడు, అంటే సాగే క్లైంబింగ్ తాడు, ఒంటి బరువుకే ఏడెనిమిది శాతం సాగుతుంది. 15 మీటర్ల గోడ అడుగున ఉన్నప్పుడు మీకూ బిలేయరుకూ మధ్య 30 మీటర్ల తాడుంటుంది. అంటే రెండు మీటర్లకు పైగా సాగుతుంది. నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో జారితే తాడున్నా పాదాలు నేలకే తగులుతాయి. అందుకని మొదటి మూడు మీటర్లు తాడు బిగుతుగా పట్టమనండి.

తాడు రెండో కొసకు ఎప్పుడూ ముడి వెయ్యాలి. 60 మీటర్ల తాడుతో 32 మీటర్ల బండ ఎక్కి దించుతుంటే కొస పరికరంలోంచి జారిపోతుంది. ఇలాంటి ప్రమాదాలు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి. ఇక పైకెళ్ళాక కిందికి దించాలా, రాపెల్ చేసుకుని (తాడు మీద తామే జారుతూ దిగి) వస్తారా అన్నది నేల మీదే తేల్చుకోవాలి. వయసుతో ముందుగా తగ్గేది సన్నటి శబ్దాలు వినే శక్తి. గాలిలో "స్లాక్" (తాడు వదులు) అన్నదీ "టేక్" (తాడు బిగించు) అన్నదీ ఒకేలా వినిపిస్తాయి. తాడును ఎన్నిసార్లు లాగితే ఏమిటో ముందే అనుకుంటే గొంతు చించుకోనక్కర్లేదు.

రాపెల్ అంటే పాతవాళ్ళకి మహా సరదా, క్యాంపుల్లో ఎక్కువ చేయించింది అదే. ఫిగర్ ఎయిట్ డిసెండర్ (దిగడానికి వాడే, ఎనిమిది ఆకారపు లోహపు పరికరం) ఒక్కదాంతో జర్రున దిగడం మాత్రం ఇక వద్దు. డిసెండర్‌ను 60 సెంటీమీటర్ల స్లింగుతో కాస్త పైకి పెట్టి, దాని కింద 6 మిల్లీమీటర్ల తాడుతో చేసిన లూపును మెయిన్ తాళ్ళ చుట్టూ మూడు నాలుగు చుట్లు చుట్టి బిలే లూపుకు తగిలిస్తే, చెయ్యి వదిలినా ఆగుతుంది. దిగేముందు బరువు వేసి చూడండి. పట్టకపోతే ఇంకో చుట్టు.

ఎక్కడ మొదలుపెట్టాలి

జతగాళ్ళు అక్కర్లేదు, తాడు అక్కర్లేదు అని చాలామంది జిమ్‌లో బౌల్డరింగ్‌తో (తాడు లేకుండా పొట్టి గోడలు ఎక్కడం) మొదలుపెడతారు. వయసులో ఉన్నవాళ్ళకి అది బాగుంటుంది. తిరిగొచ్చేవాళ్ళకి నేను చెప్పే వరసలో అది చిట్టచివరిది. బౌల్డరింగ్‌లో ప్రతి పడటమూ నేల మీద పడటమే. గోడ నాలుగు మీటర్లుంటే, కింద ఎంత మెత్తటి పరుపున్నా చీలమండ, మణికట్టు దెబ్బతినొచ్చు. తప్పనిసరైతే పైనుంచి దూకకుండా పట్టులు పట్టుకుంటూ దిగి రావాలి. పడితే పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి వీపు మీదికి దొర్లాలి. చెయ్యి వెనక్కి ఆనించారంటే మణికట్టు విరుగుతుంది.

మొదటి మూడు నెలలకు సరైనది తాడుతో, వాలు గోడ. వారానికి రెండు రోజులు, మధ్యలో మూడు రోజులు ఖాళీ. ఎక్కేముందు ఇరవై నిమిషాలు: ఐదు నిమిషాలు వడిగా నడక, తర్వాత భుజాలు, మణికట్లు తిప్పడం, వేళ్ళు కొక్కెంలా ముడిచి, పిడికిలి చేసి, చాచడం పదిహేనుసార్లు. ఆ తర్వాత నేల దగ్గరే అడ్డంగా కదులుతూ ఐదు నిమిషాలు. మొదటి నెల ఫ్రెంచి లెక్కలో 4, 5 గ్రేడు దారులు ఆరేడు ఎక్కి ఆపేయండి. ఇంకో రెండు ఎక్కగలను అనిపిస్తున్నప్పుడే ఇంటికి వెళ్ళాలి. రెండో నెలలో సంఖ్య పెంచితే గ్రేడు పెంచకూడదు, గ్రేడు పెంచితే సంఖ్య తగ్గాలి. పాత కోర్సులో, రోమన్ అంకెల్లో రాసే ఆరో గ్రేడు ఎక్కానన్న సంగతి ఈ మూడు నెలలూ ఎవరికీ చెప్పకపోవడం మంచిది, ముఖ్యంగా మీకు మీరు.

వేలి పట్టు విషయంలో ఒక్కటే నియమం: బొటనవేలు చూపుడువేలి మీదికి ఎక్కించి పట్టే ఫుల్ క్రింప్ మొదటి ఏడాది వద్దు. ఆ పట్టులో వేలి మధ్య కీలు బాగా ముడుచుకుని, టెండను ఎముక మీంచి లేవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచే ఏ2 పుల్లీ మీద బరువంతా పడుతుంది. ఎక్కువగా తెగేది ఉంగరపు వేలిదే, ఒక్కోసారి టప్‌మని వినిపిస్తుంది కూడా. వేళ్ళు చాచి పట్టే ఓపెన్ హ్యాండ్ మొదట్లో బలహీనంగా అనిపిస్తుంది, అలవాటైతే అదే హాయి. పట్టు బిగించి ఊపిరి ఆపితే బీపీ అమాంతం పెరుగుతుంది. కష్టమైన అడుగు వేసేటప్పుడు ఊపిరి వదలాలి.

వేళ్ళకు వేరే వ్యాయామం ఆరు నెలలయ్యాకే. అదీ 20 మిల్లీమీటర్ల అంచు మీద వేళ్ళు వేసి, పాదాలు నేల మీదే ఉంచి, సగం బరువు మాత్రం వేసి పది సెకన్లు. అలా ఆరుసార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాల విరామంతో. మోచేతి లోపలి నొప్పి, అదే గోల్ఫర్స్ ఎల్బో, తిరిగొచ్చినవాళ్ళని బాగా పట్టుకుంటుంది. రెండు కిలోల డంబెల్ పట్టుకుని ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి పైకి పెట్టి, మణికట్టును నెమ్మదిగా కిందికి దించాలి. రెండో చేత్తో ఎత్తి మళ్ళీ దించాలి. పదిహేను చొప్పున మూడుసార్లు, రోజు విడిచి రోజు. లాగే కండలే పెరిగి భుజం ముందుకు వంగకుండా దండీలు, రబ్బరు పట్టీతో భుజాన్ని బయటికి తిప్పే కసరత్తు తప్పనిసరి.

మన బండలు

హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ళది. తిరిగొచ్చేవాళ్ళకి ఇంతకంటే అనువైన రాయి అరుదు. చాలా బండలు వాలుగా, గరుకుగా ఉంటాయి, వేలి బలంకంటే పాదం మీద నమ్మకమే ఎక్కువ పనిచేస్తుంది. మడమ దించి, అరికాలి ముందు భాగమంతా ఆనించి, తుంటిని బండ నుంచి కాస్త దూరంగా ఉంచాలి. బండకు హత్తుకుంటే బరువు పాదం మీంచి తప్పి కాలు జారుతుంది. పెద్ద అంగ ఒకటి వేసే చోట చిన్నవి మూడు వేయండి, మోకాలు కూడా దండం పెడుతుంది.

ఖాజాగూడలో కొత్తవాళ్ళూ పాతవాళ్ళూ కనిపిస్తారు. నగరానికి 50 కిలోమీటర్ల దూరంలో భువనగిరి ఏకశిల ఉంది, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ల శిక్షణ మొదలైంది అక్కడే. కర్ణాటకలో బాదామి ఎర్ర ఇసుకరాయి, ఇంకో రకం ఆట. వాన పడ్డాక ఇసుకరాయి మెత్తబడి పట్టులు విరుగుతాయి, పూర్తిగా ఆరేదాకా ఎక్కకూడదు.

గుండు పైన టాప్ రోప్ కట్టేటప్పుడు ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆధారాలు కనీసం రెండుండాలి. వాటి నుంచి వచ్చే తాళ్ళ మధ్య కోణం 60 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. 60 డిగ్రీల దగ్గర ఒక్కోదాని మీద బరువులో 58 శాతం పడుతుంది, 120కి వెళ్తే రెంటి మీదా నూటికి నూరు. బండ పగుల్లో మొలిచిన సీతాఫలం చెట్టు ఎంత పచ్చగా ఉన్నా దాని వేర్లు జానెడు లోతుకు మించి ఉండవు, దానికి కట్టకండి. ఏనాటివో తెలియని తుప్పు బోల్టులూ అంతే. అంచు దగ్గర తాడు కింద పాత కార్పెట్ ముక్క గానీ మందపాటి గోనెసంచి గానీ వేసి కట్టేయాలి. కారబినర్లు రెండు, గేట్లు ఎదురెదురు దిక్కుల్లో.

పెచ్చులూడే బండను ఎక్కేముందు పిడికిలితో తట్టి చూడండి. డొల్లగా మోగితే ఆ పెచ్చును లాగొద్దు, వెనక వేళ్ళు పెట్టొద్దు. వానాకాలం నీళ్ళు జారిన నల్లటి చారలు ఎండిపోయి కనిపించినా పాదం నిలవదు. కొండ తేనెటీగల పట్టు ఉన్న బండ దరిదాపులకు వెళ్ళొద్దు. సెంటు, పొగ, అరుపులు మూడూ వాటికి పడవు. లేస్తే తాడు మీద వేలాడుతున్న మనిషి ఎక్కడికీ పారిపోలేడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున తొమ్మిదిన్నర వరకు హాయిగా ఎక్కొచ్చు. మార్చి నుంచి ఎనిమిదికే బండ కాలుతుంది, వేడికి రబ్బరూ నిలవదు, చెమటకు వేళ్ళూ నిలవవు. ఇక చీలమండ మెలితిరిగేది ఎక్కువగా ఎక్కేటప్పుడు కాదు, అంతా అయ్యాక చెప్పులేసుకుని కబుర్లాడుతూ దిగేటప్పుడు. దిగడానికి గట్టి అడుగున్న బూట్లు విడిగా తెచ్చుకోవాలి.

నొప్పి, విరామం

కండ నొప్పి రెండు రోజుల్లో పోతుంది. కీలు దగ్గర ఒకేచోట వేలితో చూపించగలిగిన నొప్పి, మర్నాడు పొద్దున పిడికిలి పూర్తిగా ముడవలేకపోవడం, రాత్రి భుజం మీద పడుకోలేకపోవడం: ఇవి ఆపమని చెప్పే గుర్తులు. వేలి పుల్లీ అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది. నొప్పి మాత్ర వేసుకుని ఎక్కడం అన్నింటికన్నా చెడ్డ ఆలోచన. మాత్ర నొప్పిని కప్పుతుంది, తెగబోయే టెండను తెగుతూనే ఉంటుంది.

సంక్రాంతికి ఊరెళ్ళి పది రోజులు ఆగితే, తిరిగొచ్చిన మొదటి రోజు మామూలులో సగం చాలు. నెల దాటితే మొదటి నెల ప్రణాళికలో రెండు వారాలు మళ్ళీ చెయ్యాలి. డెంగీ తర్వాత ప్లేట్‌లెట్లు సరయ్యి, నీరసం పూర్తిగా పోయి, డాక్టరు సరేనన్నాకే. చికున్‌గున్యా సంగతి వేరు: జ్వరం వారంలో తగ్గినా వేళ్ళ కీళ్ళ వాపు నెలల తరబడి ఉండొచ్చు. పొద్దున లేవగానే పిడికిలి బిగిసేదాకా గోడ మీద వేళ్ళతో వేలాడే పని పెట్టుకోకండి. ఆ లోపు తాడు కట్టుకుని, అరచేతులు ఊరికే ఆనించి, వాలుబండ మీద పాదాలతోనే నడవండి.